అన్నయ్య ఎల్లుండి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తున్నాడు: ఆ తర్వాతి రోజుల సంగతి చెప్పండి

పహరా_తర్వాత:

మా అన్నయ్య సైన్యంలో 19 ఏళ్లు పనిచేసి, మూడేళ్ల క్రితం పదవీ విరమణ పొందాడు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో సాయంత్రం పూట నలుగురితో కలిసి తాగిన అలవాటు, ఇంటికి వచ్చాక మధ్యాహ్నానికి, ఆపైన ఉదయానికి జరిగి, చివరికి తలుపు వేసుకొని ఒంటరిగా తాగేదాకా వచ్చింది. గత నెలలో చేతులు వణకడం, లేని మనుషులు కనిపించడం మొదలైతే ఆసుపత్రిలో చేర్చాం. 26 రోజుల తర్వాత ఎల్లుండి ఇంటికి పంపుతున్నామని చెప్పారు. డిశ్చార్జి చీటీలో మూడు రకాల మాత్రల పేర్లు, నెల రోజుల తర్వాత రావలెనన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ లేవు.

వార్డులో ఉన్నంతకాలం అన్నయ్య చాలా బాగున్నాడు. తెల్లవారకముందే లేచి దుప్పటి కొలిచినట్టు మడత పెట్టేవాడని, పక్క మంచాల వాళ్లకు మాత్రల వేళ గుర్తుచేసేవాడని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. నా భయమంతా దాని గురించే. అక్కడ ప్రతి పనికీ ఒక వేళ, వేళ తప్పితే అడిగే మనిషి ఉన్నారు. ఇంట్లో వదిన ఉద్యోగానికి, పిల్లలు చదువులకు వెళ్లిపోయాక ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా తనొక్కడే ఉంటాడు. ఈ పరిస్థితి దాటి వచ్చినవారు, దగ్గరగా చూసినవారు ఉంటే దయచేసి రాయండి. ధైర్యవచనాలు ఇప్పటికే చాలా విన్నాం, ఏం చేయాలో చెప్పండి చాలు.

వార్డు_దీపం:

వ్యసన విముక్తి వార్డులో 14 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మొదట ఒక విషయం స్పష్టంగా అర్థం చేసుకోండి. ఆసుపత్రిలో జరిగింది ప్రమాదం దాటించడం మాత్రమే. ఏళ్ల తరబడి తాగిన శరీరానికి మద్యం ఒక్కసారిగా అందకపోతే ఆరు గంటల్లోనే వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మీ అన్నయ్యగారికి వచ్చినటువంటి మతిభ్రమ రావచ్చు. దాన్ని మందులతో, విటమిన్ బి1 సూదులతో దాటించారు. తాగాలన్న కోరిక, తాగడానికి కారణమైన నిద్రలేని రాత్రులు, ఖాళీ పగళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రేపే వెళ్లి మూడు పనులు చేయించుకోండి. నెల తర్వాత రమ్మన్న తేదీని వారం లోపలికి మార్పించండి. పైనుంచి వచ్చిన నియమం అని గుమస్తా చెబితే వినకండి, వైద్యుణ్ణి కలిసి అడగండి. మూడు మాత్రల్లో ఏది దేనికోసమో, ఏది ఎన్నాళ్లు వాడాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలో మీ చేత్తో రాసుకోండి. అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోను చేయాలో ఒక నంబరు తీసుకోండి.

ఇంటికి వచ్చేలోపు ఇంకొకటి ఉంది, రాయడానికి కష్టంగా ఉన్నా రాస్తాను. మానసిక వైద్య వార్డు నుంచి బయటికి వచ్చిన తొలి వారాల్లో ఆత్మహత్య ప్రమాదం మిగతా రోజులకంటే ఎక్కువ. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే అది ఆయన చేతికి అందని చోటికి, వీలైతే వేరే ఇంటికి వెళ్లాలి. నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు సీసాల కొద్దీ ఇంట్లో ఉండకూడదు. ఈ సంగతి ఆయనతో దాచకుండా మాట్లాడండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అప్పటికే ఉంటే బయటపడుతుంది.

క్రమశిక్షణ:

నేను కూడా సైన్యంలో పనిచేసినవాణ్ణే. ఇంత వ్యవహారం అక్కరలేదని నా అభిప్రాయం. 19 ఏళ్లు ఆజ్ఞ పాటించిన మనిషికి తనకు తాను ఒక ఆజ్ఞ ఇచ్చుకోవడం చేతకాదా? మనసులో గట్టి నిర్ణయం ఉంటే సీసా ఎదురుగా ఉన్నా చెయ్యి కదలదు. చుట్టూ ఇంతమంది కాపలా కాస్తే మనిషి మరింత బలహీనపడతాడు.

పాత_బూట్లు:

క్రమశిక్షణ గారూ, మీ మాట నేను తాగిన పదకొండేళ్లూ రోజూ ఉదయం నాకు నేనే చెప్పుకున్నాను, సాయంత్రానికి ఓడిపోయాను. ఇప్పుడు మానేసి ఆరేళ్లయింది. దండులో నేను తెల్లవారుజామున లేచింది నా సంకల్పం వల్ల అనుకునేవాణ్ణి. బయటికి వచ్చాక తెలిసింది, నాతోపాటు ముప్పై మంది లేస్తున్నారు కాబట్టి లేచాను. ఆ ముప్పై మంది లేకుండా పోయిన రోజున క్రమశిక్షణ కూడా వాళ్లతోనే పోయింది.

పహరా_తర్వాత గారూ, మీ అన్నయ్య వార్డులో బాగున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు, ఎందుకంటే వార్డు చాలా భాగం బారకాసులాంటిదే. లైటు వేసే వేళ, తనిఖీ, వరుస, పక్కమంచం మనిషి అన్నీ ఉంటాయి. నేను మొదటిసారి ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు పదమూడో రోజున తాగాను. ఆ రోజు గొడవ ఏమీ జరగలేదు, దుఃఖం లేదు. మధ్యాహ్నం రెండున్నరకు ఇల్లంతా తుడిచి, తుడిచినదే మళ్లీ తుడిచి, చీపురు పట్టుకొని నిలబడి ఇక ఏం చేయాలో తోచక చెప్పులు వేసుకున్నాను. నన్ను అడ్డగించవలసింది ఆ నిమిషంలో. తాగవద్దని ఎవరైనా చెప్పి ఉంటే వినేవాణ్ణి కాను, రెండున్నరకు నాకోసం ఎక్కడో ఎవరో ఎదురుచూస్తూ ఉంటే మాత్రం ఆగేవాణ్ణి.

అందుకని ఇంటికి రాకముందే ఆయన రోజును కాగితం మీద గంటల వారీగా రాయండి. మీరు రాసి ఇవ్వకండి, ఆయన చేతనే రాయించండి. అందులో ఒక్క పనైనా ఇతరులకు ఆయన అవసరమయ్యేది ఉండాలి. పిల్లలకు ఈత నేర్పడం, వృద్ధుల ఇంటికి వారానికి రెండుసార్లు వెళ్లడం, బళ్లు బాగుచేసే చోట సగం పూట పని, ఏదైనా సరే. సైనికుడికి విశ్రాంతి తీసుకో అని చెప్పడం శిక్ష వేయడంతో సమానం.

నిశ్శబ్దం:

పాత_బూట్లు గారు రాసింది చదివి కాసేపు ఏమీ చేయలేకపోయాను. మా ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, నల్లబూట్లకు పాలిష్ పెట్టి, పాతగుడ్డతో ముఖం కనిపించేంత మెరిసేదాకా రుద్ది, వేసుకొని, లేసులు బిగించి, వెళ్లవలసిన చోటు ఏదీ లేక వరండాలో కూర్చునేవారు. నేను పనికి వెళ్లేవేళకు ఆ బూట్లతోనే ఉండేవారు. సాయంత్రం వచ్చేసరికి బూట్లు ఒకచోట, మనిషి ఒకచోట పడి ఉండేవారు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీ వదినగారు చేయకుండా ఉండాలని. తాగితే వాంతులయ్యే మాత్రలు ఉంటాయని ఎవరో చెబితే, ఆయనకు తెలియకుండా పొడి చేసి తినే తిండిలో కలిపాను. ఆ రాత్రి ఆయన తాగి వచ్చారు. ముఖం, మెడ ఎర్రగా కందిపోయి, గుండె దడదడలాడుతూ ఊపిరి అందక నేలమీద పడిపోయారు. బతికారు. ఆ తర్వాత ఏడాది పాటు నా చేతి నీళ్లు కూడా అనుమానంగా చూసి తాగారు. తాగుడుకంటే ఆ అనుమానాన్ని పోగొట్టడమే నాకు ఎక్కువ కష్టమైంది.

మూడో_గది:

నేను మనోవైద్యురాలిని. నిశ్శబ్దం గారూ, మీరు ధైర్యంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్, 1940ల చివర్లో డెన్మార్క్ పరిశోధకులు దాని ప్రభావాన్ని వెలుగులోకి తెచ్చారు. మద్యం శరీరంలో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఈ మాత్ర అడ్డుకుంటుంది కాబట్టి ఆ విషం రక్తంలో పోగుపడుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ప్రభావం ఉండవచ్చు, ఆల్కహాలు కలిసిన దగ్గుమందుతోనూ, నోరు పుక్కిలించే ద్రావకంతోనూ ప్రతిచర్య రావచ్చు. రోగికి తెలిసి, ఒప్పుకొని, ఇంట్లోవారి కళ్లెదుట తానే వేసుకుంటే అది మంచి మందు. తెలియకుండా కలిపితే అది విషప్రయోగమే. (మన భాషలో మందు అన్న ఒక్క మాటే మద్యానికీ, ఔషధానికీ ఉండడం వల్ల నా గదిలో రోజుకు ఒకసారైనా గందరగోళం జరుగుతుంది. మందు మానకండి అని చెప్పి, ఏ మందో వెంటనే వివరించవలసి వస్తుంది.)

పహరా_తర్వాత గారూ, మీ చీటీలో తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ అనే మాత్ర ఉంటే ఒక జాగ్రత్త ఉంది. సైన్యంలో వెన్నుకు, మోకాళ్లకు దెబ్బలు తగిలినవారు ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలు వాడుతుంటారు. నల్లమందు జాతికి చెందిన ఆ మాత్రలు వాడేవారికి నాల్ట్రెక్సోన్ ఇస్తే ఒళ్లంతా తల్లడిల్లే ప్రతిచర్య వస్తుంది, సాధారణంగా వారం నుంచి పది రోజుల విరామం తర్వాతే మొదలుపెడతారు. ఆయన దాచిపెట్టి వాడుతున్న నొప్పిమాత్రలు ఏవైనా ఉంటే ఈ వారమే వైద్యుడికి తెలియాలి. తాగుడు మానినవారికే ఇచ్చే అకాంప్రోసేట్ అనే మాత్ర ఉంటే మూత్రపిండాల పరీక్ష చేశారా అని అడగండి.

ఇక అసలు విషయం. అన్నయ్యగారు రాత్రి ఎలా నిద్రపోతున్నారు? పీడకలలు వస్తాయా, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడతారా, గుంపులో గోడకు వీపు ఆనించి కూర్చుంటారా? యుద్ధానుభవం వల్ల మనసుకు కలిగే గాయాన్ని అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ప్రత్యేక వ్యాధిగా తన పట్టికలో చేర్చింది. చాలాకాలం వైద్యులు ముందు తాగుడు మానండి, ఏడాది తర్వాత ఆ గాయం సంగతి చూద్దాం అనేవారు. ఇప్పుడు రెండిటికీ ఒకేసారి చికిత్స చేయడమే మేలని అంగీకరిస్తున్నారు, ఎందుకంటే నిద్రకోసం తాగే మనిషికి నిద్ర ఇవ్వకుండా తాగుడు మాన్పించడం జరగని పని. తాగుడు ఆపాక కూడా నిద్ర కుదుటపడడానికి నెలలు పట్టవచ్చు, ఇది ముందే చెప్పకపోతే మూడో వారంలో ఆయన నిరాశపడతారు. ఆ నిరాశలో ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు అలవాటు చేసుకుంటే ఒక గుంట నుంచి ఇంకో గుంటలో పడ్డట్టే.

చరిత్ర_పుటలు:

వైద్యం నాకు తెలియదు కానీ ఈ చర్చకు సరిపోయే రెండు సంగతులు చదివి ఉన్నాను. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాన్ని ఆరంభించిన బిల్ విల్సన్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో అధికారి, తాగడం ఆయనకు ఆ రోజుల్లోనే మొదలైంది. 1934 డిసెంబరులో న్యూయార్కులో ఒక ఆసుపత్రిలో చేరి మానేశాడు. ఐదు నెలల తర్వాత వ్యాపారం పనిమీద అక్రాన్ నగరానికి వెళ్తే ఆ పని చెడిపోయింది. హోటలు హాల్లో ఒకవైపు బారు, మరోవైపు టెలిఫోను. ఆయన ఫోను దగ్గరికి వెళ్లి, తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని వెతికాడు. అలా దొరికిన శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్‌తో కలిసి 1935లో ఆ సంఘం మొదలైంది. సహాయం తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి మనిషి కోసం వెతికాడన్నది నాకు నచ్చిన భాగం.

రెండోది వియత్నాం యుద్ధం నాటిది. అక్కడున్న అమెరికన్ సైనికుల్లో దాదాపు ఐదోవంతు మంది హెరాయిన్‌కు అలవాటుపడ్డామని చెప్పారు. 1971లో తిరిగివచ్చినవారిని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంబడించి చూస్తే, అలా అలవాటుపడ్డవారిలో తొలి ఏడాదిలో సుమారు 5 శాతం, మూడేళ్లలో సుమారు 12 శాతం మాత్రమే మళ్లీ ఆ స్థితికి వెళ్లారు. మనిషి ఎంత మారాడన్నదానికంటే చోటు ఎంత మారిందన్నదే ఎక్కువ పనిచేసిందని చాలామంది దీనికి అర్థం చెప్పారు.

క్రమశిక్షణ:

వియత్నాం సంగతి నా వాదననే బలపరుస్తోంది కదా? మందులూ మాత్రలూ లేకుండానే అంతమంది మానేశారు.

పాత_బూట్లు:

బలపరచదండీ. వాళ్లు హెరాయిన్‌ను విడిచిపెట్టి వచ్చిన చోటు వేరు, ఇంటికి చేరిన చోటు వేరు. పహరా_తర్వాత గారి అన్నయ్యకూ నాకూ లెక్క తలకిందులైంది. మేము పదిమందిలో తాగి, పదిమందిలో ఆపగలిగిన చోటును విడిచి, ఒంటరిగా ఎంతైనా తాగగలిగిన చోటుకు వచ్చాం. ఆసుపత్రి నుంచి పంపేది కూడా సరిగ్గా ఆ కుర్చీకే, ఆ గదికే, ఆ తలుపుకే. కాబట్టి చోటునే కాస్త మార్చాలి. నేను తాగిన కుర్చీని మా అమ్మాయి ఎవరికో ఇచ్చేసింది. ఆ గది తలుపు గడియ నేనే ఊడదీశాను. నవ్వుకోవచ్చు, కానీ గడియలేని గదిలో తాగడం నాకు చేతకాలేదు.

మాత్రలు ఊతకర్ర అంటారు చాలామంది. కాలు విరిగిన జవానుకు ఊతకర్ర ఇస్తే వాణ్ణి బలహీనుడని మనమెవరమూ అనలేదు.

రెండు రోజులను ముందుగానే గుర్తుపెట్టుకోండి. పెన్షను చేతికొచ్చే రోజు ఒకటి. నేను తొలి ఏడాది ఆ రోజు బ్యాంకుకు నా భార్యతోనే వెళ్లాను, మూడో నెలదాకా అవమానంగా అనిపించింది, తర్వాత అలవాటైంది. రెండోది పాత సహచరుడు సీసాతో వచ్చే రోజు. అది తప్పకుండా వస్తుంది. వచ్చేవాడు చెడ్డవాడు కాదు, ప్రేమతోనే వస్తాడు, అందుకే కాదనడం కష్టం. ఏమి చెప్పాలో ఒక్క వాక్యం ముందే తయారుచేసుకొని, అద్దం ముందు బిగ్గరగా అనుకొమ్మనండి. నా వాక్యం ఇది: డాక్టరు ఆర్డరు, ఉల్లంఘించలేను. ఆర్డరు అన్న మాట వింటే మావాళ్లెవరూ రెండోసారి అడగరు.

పహరా_తర్వాత:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వైద్యుణ్ణి కలిసి తేదీని ఆరో రోజుకు మార్పించాం. తుపాకీ లేదు. బీరువాలో వెనకవైపు ట్రమడాల్ అట్టలు నాలుగు దొరికాయి, అడిగితే అన్నయ్య మొదట కోప్పడి, తర్వాత తనే వైద్యుడికి చూపించాడు. నాల్ట్రెక్సోన్ ఇప్పుడే వద్దన్నారు.

నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఇన్ని చేశాక కూడా తాగితే ఏం చేయాలి? మా బంధువులు గదిలో పెట్టి నాలుగు రోజులు తాళం వేయమంటున్నారు.

వార్డు_దీపం:

ఆ పని ఎంతమాత్రం చేయకండి. రోజుల తరబడి తాగి ఒక్కసారిగా ఆపితే తాళం వేసిన గదిలోనే మూర్ఛ వస్తుంది, చూసేవారు ఉండరు. పైగా ఇలా మానడం, మళ్లీ తాగడం పలుమార్లు జరిగినవారికి ప్రతిసారీ ఆ లక్షణాలు మరింత తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది. మాట తడబడడం, నడక తూలడం, కళ్లు అదోలా కదలడం కనిపిస్తే తాగాడనుకొని వదిలేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, విటమిన్ బి1 లోపం వల్ల మెదడు దెబ్బతింటున్నప్పుడు కూడా ఇలాగే ఉంటుంది.

మూడో_గది:

ఒక్క గ్లాసు తాగడం వేరు, పాత జీవితానికి తిరిగిపోవడం వేరు. మొదటిది రెండోదిగా మారేది చాలాసార్లు సిగ్గువల్ల. ఎలాగూ చెడిపోయింది కదా, ఇక పూర్తిగానే కానీ అన్న ఆలోచన ఆ రాత్రే వస్తుంది. కాబట్టి తాగినరోజు నిలదీయకండి, ఒట్లు పెట్టించుకోకండి. మర్నాడు తెలివిలో ఉన్నప్పుడు తాగడానికి ముందు నాలుగు గంటల్లో ఏమేం జరిగిందో వరుసగా చెప్పమనండి. అది నేరవిచారణలా కాక, పని ముగించి వచ్చిన దళం నివేదిక ఇచ్చినట్టు ఉండాలి. ఆ పద్ధతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆయన మద్యంతోపాటు నల్లమందు జాతి మత్తు కూడా వాడి ఉంటే ఒక హెచ్చరిక. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒంటికి ఆ మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగవచ్చు. అలాంటి ఇళ్లలో ఆ మత్తును విరిచే నాలోక్సోన్ అనే మందు సిద్ధంగా ఉంచుకొమ్మని మేము చెబుతాం.

నిశ్శబ్దం:

మీ వదినగారిని కూడా ఎవరైనా అడగండి, ఎలా ఉన్నావని. నన్ను అడిగిన మొదటి మనిషి ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ. నేను అక్కడే కూర్చొని అరగంట ఏడ్చాను.

పహరా_తర్వాత:

అన్నయ్య ఇంటికి వచ్చి ఇది పదిహేడో రోజు. పద్నాలుగో రోజు సాయంత్రం అన్నయ్య తాగాడు. సహచరుడూ రాలేదు, పెన్షనూ రాలేదు, వర్షం వల్ల తన దగ్గర ఈత నేర్చుకునే పిల్లలు రాలేదు. తెల్లవారుజామున ఐదుకు నన్ను తనే లేపి చెప్పాడు. మేము ఏమీ అనలేదు. వదిన ఆ నాలుగు గంటల సంగతి అడిగితే, నోటు పుస్తకంలో వేళలతో సహా రాసి ఇచ్చాడు. 15:10, పిల్లలు రారని ఫోను. 15:40, గొడుగు తీసుకున్నాను. 15:42, గొడుగు పెట్టేశాను. 16:05, మళ్లీ తీసుకున్నాను. ఆ ఇరవై మూడు నిమిషాల గురించే వైద్యుడితో గంటసేపు మాట్లాడాడు. ఆ తర్వాత తాగలేదు, నిద్ర మాత్రం ఇంకా రావడం లేదు.

వానొచ్చిన రోజులకు వేరే పని చూసుకోవాలని పుస్తకంలో తనే రాసుకున్నాడు. పాత_బూట్లు గారూ, మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. గడియ దగ్గర నవ్వాడు. మీకు అభ్యంతరం లేకపోతే రోజూ ఉదయం ఆరింటికి మీతో ఫోనులో మాట్లాడతానంటున్నాడు.

పాత_బూట్లు:

ఆరింటికి నేను పనిలో ఉంటాను. ఐదున్నరకు చేయమనండి. ఆలస్యమైతే నేనే చేస్తాను.